తొందర అనే నింద

గడగడా మాట్లాడుతూ మధ్యమధ్యలో మాటలు మింగేసే పిల్లవాడు కనబడితే మన ఇళ్ళలోనూ బడుల్లోనూ వినిపించే తీర్పు ఒక్కటే. ఎవరో తరుముకొస్తున్నట్టు ఏమిటా మాట, నోట్లో నోట్లో గొణక్కు, కాస్త నెమ్మదిగా చెప్పి చావు. పెద్దవాడై ఉద్యోగంలో చేరినా ఆ తీర్పు మారదు, కొంచెం మర్యాద తొడుక్కుంటుంది అంతే. దాని అడుగున ఉన్న తర్కం ఇది: ఇబ్బంది అంతా వేగంలో ఉంది, వేగం అతని చేతుల్లో ఉంది, కాబట్టి తప్పు అతనిది. వినడానికి ఎంతో సహజంగా ఉండే ఈ తర్కం ఏ మెట్టు దగ్గరా నిలవదని ఈ వ్యాసం వాదన. తొందర అని మనం పేరు పెట్టి తిడుతున్న దానిలో చాలా భాగం మాట తయారయ్యే చోట వచ్చే చిక్కు. ఆ చిక్కుకు వాక్ వైద్యంలో క్లటరింగ్ అని పేరుంది. పేరున్న సమస్యను గుణలోపంగా చూసి, మందలింపుతో నయం చేయబోవడం ఒక అన్యాయం. ఇది ప్రేమతోనే జరుగుతోంది కాబట్టి ఎవరికీ అన్యాయంగా కనబడడం లేదు.

నత్తికి మన భాషలో మాట ఉంది. నత్తి ఉన్నవాణ్ణి వెక్కిరించేవాళ్ళకు కూడా అది అతను కావాలని చేస్తున్నది కాదని తెలుసు. క్లటరింగ్‌కు మాత్రం మనకు సొంత మాట లేదు, అందుకే అది తొందరగానో నిర్లక్ష్యంగానో చలామణీ అవుతోంది. ఇతర భాషలవాళ్ళు దీన్ని ఎప్పుడో వేరుగా గుర్తుపట్టారు. ఫ్రెంచివారు బ్రెదుయ్‌మాఁ అన్నారు, జర్మన్లు పోల్టర్న్ అన్నారు. పందొమ్మిదో శతాబ్దపు యూరప్ వైద్యులు దీన్ని నత్తితో కలపకూడదని చర్చించుకున్నారు. వియన్నాలో పనిచేసి తరవాత అమెరికా చేరిన డెసో వైస్ 1964లో ఒక పుస్తకమంతా దీనిమీదే రాశారు. వాక్ వైద్య కుటుంబంలో ఇది అనాథగా మిగిలిందని బాధపడింది ఆయనే. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ పదో కూర్పులో నత్తికి ఎఫ్ 98.5 అన్న సంకేతం ఇస్తే, దాని పక్కనే ఎఫ్ 98.6 అని క్లటరింగ్‌కు వేరే గది కేటాయించారు. 2007లో బల్గేరియాలో దీనిమీద మొదటి ప్రపంచ సదస్సు జరిగింది, అంతర్జాతీయ క్లటరింగ్ సంఘం పుట్టింది. ఇంత చరిత్ర ఉన్నదాన్ని ఇవాళ్టి తల్లిదండ్రుల అతిభయం కనిపెట్టిన కొత్త జబ్బు అనడానికి వీల్లేదు.

ముందు వేగం సంగతి చూద్దాం. తొందర అన్న నింద నిలవాలంటే ఈ మనుషులు తక్కినవాళ్ళకంటే నిజంగా వేగంగా మాట్లాడుతూ ఉండాలి. కొలిచి చూసినప్పుడు అది ప్రతిసారీ నిజం కావడం లేదు. సెకనుకు ఇన్ని అక్షరాలని లెక్కగడితే క్లటరింగ్ ఉన్నవారిలో చాలామంది మామూలు మనుషుల హద్దుల్లోనే ఉంటారు. అందుకే పరిశోధకులు కెనెత్ సెయింట్ లూయిస్, కాట్రిన్ షుల్టె 2011లో ఇచ్చిన నిర్వచనంలో వేగాన్ని గడియారంతో కాక వినేవాడి చెవితో ముడిపెట్టారు. మాతృభాషలో మామూలుగా మాట్లాడుకునేటప్పుడు కొన్ని భాగాలు వినేవారికి మరీ వేగంగానో, మరీ ఎగుడుదిగుడుగానో, రెండు రకాలుగానో అనిపించాలి. దానితోపాటు, అందరి మాటల్లోనూ దొర్లే తడబాట్లు శ్రుతి మించడమో, అక్షరాలు ఒకదానిలో ఒకటి కూరుకుపోవడమో ఎగిరిపోవడమో, ఆగకూడని చోట ఆగడమో ఊనిక తప్పడమో కనబడాలి. ఇందులో అసలు మాట ఎగుడుదిగుడు. నాలుగు మాటలు దొర్లుకుంటూ వచ్చి, ఐదోది సగంలో తెగి, ఒక్క క్షణం ఖాళీ, మళ్ళీ ఒక్క ఊపున పది మాటలు. వినేవాడి చెవికి ఆ కుదుపే వేగంగా తోస్తుంది. ఈ రంగంలోవాళ్ళు దీన్ని మరో విధంగానూ చెబుతారు: తన మాట యంత్రం మోయగల వేగాన్ని మించి మాట్లాడడం. ఆ వేగం పక్కవాడికి అతి మామూలుది కావచ్చు. అప్పుడు ప్రశ్న వేగం నుంచి యంత్రం మీదికి మళ్ళుతుంది. ఆ యంత్రంలో ఏం జరుగుతోంది?

మాట్లాడడం మనకు ఊపిరంత సులువుగా అనిపిస్తుంది కాబట్టి దాని వెనకున్న పని కంటపడదు. డచ్చి భాషా మనస్తత్వవేత్త విలెమ్ లెవెల్ట్ 1989లో ఆ పనిని విడదీసి చూపించారు. ముందు చెప్పదలచుకున్న సంగతి రూపు కట్టాలి. తరవాత దానికి తగిన మాటలు వేల మాటల్లోంచి ఏరి, వ్యాకరణం ప్రకారం వరస పెట్టి, ఒక్కొక్క మాటకూ ధ్వని రూపం ఇవ్వాలి. అప్పుడు నాలుక, పెదవులు, గొంతు కదలాలి. వీటన్నిటి మీదా ఒక కాపలా చెవి ఉండాలి. నోరు దాటకముందే తప్పును పట్టుకుని, దాటాక దిద్దుకునేది అదే. మామూలు సంభాషణలో సెకనుకు రెండు మూడు మాటల చొప్పున ఇదంతా జరుగుతుంది. ఒక వాక్యం నోట్లో ఉండగా తరవాతి వాక్యం పొయ్యి మీద ఉంటుంది. క్లటరింగ్‌లో నోరు ఆగదు, వెనక వంట పూర్తికాదు. వరస కుదరని వాక్యం, రూపు పూర్తి కాని మాట బయటికి వచ్చేస్తాయి, కాపలా చెవి వాటిని సమయానికి పట్టుకోదు. నత్తికీ దీనికీ ఉన్న తేడా ఇక్కడే తేటపడుతుంది. నత్తి ఉన్న మనిషికి తను అనాల్సిన మాట ఏదో తెలుసు, అది గొంతులో అడ్డం పడుతుంది, ఆ అడ్డం అతనికి తెలుస్తుంది. క్లటరింగ్‌లో అడ్డం ఉండదు, మాట జారిపోతుంది, జారిపోయిన సంగతి చాలాసార్లు ఆ క్షణంలో అతనికి తెలియదు. ఎదుటివాడు ఏమన్నావని అడిగాకే తెలుస్తుంది.

నెదర్లాండ్స్ పరిశోధకురాలు ఇవోన్ వాన్ జాలెన్ ఈ చిక్కును రెండు రకాలుగా విడదీశారు. ఒకటి మాట నిర్మాణంలో వచ్చేది, అంటే పొడుగు మాటలో అక్షరాలు కూరుకుపోవడం, తారుమారు కావడం. రెండోది వాక్య నిర్మాణంలో వచ్చేది. ఈ రెండో రకాన్ని గమనిస్తే తొందర అన్న నింద ఎంత పొరపాటో మరీ స్పష్టమవుతుంది. "మా అన్నయ్య వాళ్ళ ఆఫీసులో, అదే, నిన్న ఫోను చేస్తే, అంటే ఫోను కాదు, వాళ్ళు ఆ కాగితం, మొన్న ఇచ్చినది, దాని గురించి" అని సాగే మాటలో ఏ ముక్కా వేగంగా లేకపోవచ్చు. మొదలుపెట్టిన వాక్యం పూర్తికాకుండా ఇంకొకటి, దానిలో దిద్దుబాటు, ఆ దిద్దుబాటు మధ్యలో మరొక ఆరంభం. వాక్ వైద్యులు వీటిని మేజ్‌లు అంటారు, అంటే చిక్కుదారులు. ఈ మనిషితో నెమ్మదిగా మాట్లాడు అంటే ఏమవుతుంది? అదే చిక్కుదారిలో నెమ్మదిగా తిరుగుతాడు. దారి చూపించకుండా నడక తగ్గించమనడం సలహా అనిపించుకోదు.

ఇక మన భాష దగ్గరికి వస్తే ఈ సమస్యకు ఇక్కడ ప్రత్యేకమైన పదును ఉందని భాష నిర్మాణమే చెబుతుంది. పొడుగు మాటల్లో అక్షరాలు కూరుకుపోవడం క్లటరింగ్ ముఖ్య లక్షణమైతే, తెలుగులో పొడుగు మాట తప్పించుకోలేనిది. ఇంగ్లీషులో నాలుగైదు చిన్న మాటలుగా విడివిడిగా వచ్చే అర్థం మనకు ఒకే క్రియలో పొరలు పొరలుగా పేరుకుంటుంది. వెళ్ళిపోతున్నాననుకున్నాడు అన్నది ఒక్క మాట. పైగా అర్థపు కీలకమంతా ఆ మాట తోకలో ఉంటుంది. ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, చేశారా లేదా అన్నవన్నీ చివరి రెండు మూడు అక్షరాలే చెప్పాలి. పంపేశాను అంటే పని అయిపోయింది, పంపేస్తాను అంటే ఇంకా కాలేదు. రెంటికీ మధ్య తేడా ఒక శకారం, ఒక సంయుక్తాక్షరం. రాలేదు అంటే నిన్నటి కబురు, రాలేడు అంటే రేపటి అశక్తత. వచ్చారు, వచ్చాడు, వచ్చాను అన్నవి చివరి అక్షరంలోనే ముగ్గురు వేరువేరు మనుషులు. ఆ చివరి అక్షరాన్నే మింగేస్తే గౌరవం పోతుంది, మనిషి మారిపోతాడు, కాలం తారుమారవుతుంది. కల, కాల, కల్ల అన్న మూడు మాటల్ని విడదీసేది అచ్చు నిడివి, హల్లు ఒత్తు మాత్రమే. మాట లయ తప్పినప్పుడు మొదట చెడేవి ఆ నిడివీ ఆ ఒత్తే. ఆసుపత్రిలో మందు వేసేశాను అన్నాడో వేసేస్తాను అన్నాడో తేలకపోతే అది ఉచ్చారణ అందచందాల వ్యవహారంగా మిగలదు. క్రియ చివరన రావడం కూడా చిన్న సంగతి కాదు. వెళ్ళి, చూసి, అడిగి, వాళ్ళు లేరంటే తిరిగొచ్చి అంటూ అసమాపక క్రియలు పేర్చుకుంటూ పోయి, అసలు క్రియ దాకా వాక్యాన్ని మనసులో మోయాలి. వాక్యాన్ని కూర్చడంలోనే ఇబ్బంది ఉన్నవాడికి ఆ మోత ఎంత బరువో ఊహించడం కష్టం కాదు. తెలుగులో క్లటరింగ్ ఏ రూపు దాలుస్తుందో విడిగా, ఓపికగా పరిశీలించాలని నేను గట్టిగా అనడానికి కారణం ఇదే. ఇంగ్లీషు వాక్యాల కోసం తయారైన పరీక్షను తెలుగు పిల్లవాడి మీద పెట్టి ఏమీ లేదని పంపేస్తే ఆ తప్పు పరీక్షదే.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. తెలుగువాళ్ళం అందరం అక్షరాలు మింగేవాళ్ళమే కదా, వెళ్ళిపోతున్నాడు అన్న మాటను పుస్తకంలో ఉన్నట్టు ఎవరు పలుకుతున్నారు, తెలంగాణలో ఒక తీరున, శ్రీకాకుళంలో ఒక తీరున, సీమలో ఇంకొక తీరున కుదించే పలుకుతారు కదా, వీళ్ళందరికీ జబ్బేనా అని. కానేకాదు. ఈ అభ్యంతరం లేవనెత్తినవాళ్ళకు కృతజ్ఞతలు చెప్పాలి, ఎందుకంటే అసలు గీత ఎక్కడుందో దీనివల్లే తెలుస్తుంది. మాండలికపు కుదింపుకు నియమం ఉంటుంది. ఏ అక్షరం పోతుందో, ఏ చోట పోతుందో ఆ ఊరి మనుషులందరికీ ఉమ్మడి. అందుకే ఆ ఊళ్ళో ఎవరూ ఎవరినీ ఏమన్నావని అడగరు. సంధి కూడా అంతే, అచ్చు పోయినా అర్థం పోదు. క్లటరింగ్‌లో కుదింపుకు అలాంటి ఒప్పందం లేదు. ఒకే మనిషి ఒకే మాటను ఇప్పుడు పూర్తిగా పలికి, నిమిషం తరవాత సగం మింగి, మరో నిమిషానికి ఇంకోలా పలుకుతాడు. సొంత ఊరివాళ్ళకు, సొంత తల్లికి కూడా అది అందదు. పరీక్ష ఎప్పుడూ ఆ మనిషి సొంత యాసలోనే, సొంత మనుషుల చెవులతోనే జరగాలి. యాసను దిద్దడానికి క్లటరింగ్ అన్న పేరును వాడుకునేవాళ్ళెవరైనా ఉంటే వాళ్ళు ఈ వాదనకు శత్రువులు. అలాగే రేడియోలో, టీవీలో గుక్క తిప్పుకోకుండా మాట్లాడేవాళ్ళను చూపించి వేగం ఒక కళ అనేవాళ్ళకు జవాబు కూడా ఇందులోనే ఉంది. వాళ్ళ మాట వేగంగా ఉంటుంది, అందుతుంది. వేగంగా ఉండీ అందే మాట ఉందంటే, అందకపోవడానికి కారణం వేగం ఒక్కటే కాదని వాళ్ళే రుజువు చేస్తున్నారు.

అన్నిటికంటే బలమైనదిగా కనబడే వాదన మరొకటి ఉంది. గట్టిగా చెబితే సరిగ్గానే మాట్లాడతాడు, కొత్తవాళ్ళ ముందు బాగానే ఉంటాడు, పాఠం చదవమంటే తప్పులు తక్కువ, అంటే చేతనవును, ఒళ్ళు దగ్గర పెట్టుకోడంతే. ఇందులో చెప్పిన గమనిక నిజం, తీసిన అర్థం తప్పు. మాట మీద దృష్టి నిలిపినంతసేపు మెరుగుపడడం క్లటరింగ్ ఉన్నవాళ్ళలో తరచుగా కనబడే లక్షణం. నత్తిలో చాలాసార్లు దీనికి ఎదురుగా జరుగుతుంది, మాటను కనిపెట్టుకున్నకొద్దీ అది బిగుసుకుంటుంది. అంటే దేన్ని నిర్లక్ష్యానికి సాక్ష్యంగా చూపిస్తున్నామో అది వైద్యుడు రోగాన్ని గుర్తుపట్టే ఆనవాలు. హ్రస్వదృష్టి ఉన్న పిల్లవాడు కళ్ళు చికిలించి నల్లబల్ల మీది అక్షరాలు చదవగలడు. చదివాడు కాబట్టి వాడి కళ్ళు బాగున్నాయని ఎవరూ అనరు, రోజంతా చికిలించమనీ అనరు. మాట విషయంలో మనం అడుగుతున్నది సరిగ్గా అదే. మామూలు మనిషికి దానంతటదే జరిగిపోయే పనిని ఇతను ప్రతి అక్షరం దగ్గరా కాపలా కాస్తూ చేయాలి, అదే సమయంలో ఏం చెప్పాలో ఆలోచించాలి, ఎదుటివాడి ముఖం చూడాలి. రెండు నిమిషాలు చేయగలడు. సంగతిలో లీనమవగానే, ఇష్టమైన విషయం మొదలవగానే, సొంతవాళ్ళ మధ్య మనసు వదులు కాగానే కాపలా సడలుతుంది. అందుకే వైద్యుడి గదిలో మంచి మాట, ఇంటికి రాగానే చిక్కు మాట. వైద్యుడు కూడా ఈ సంగతి తెలియక, ఐదు నిమిషాల జాగ్రత్త మాట విని, ఏమీ లేదని పంపేసే ప్రమాదం ఉంది. ఇంట్లో తీరిగ్గా మాట్లాడేటప్పుడు రికార్డు చేసిన మాటను వినకుండా ఈ సమస్య లేదని తేల్చకూడదు.

నిందకు ఎదురుగా ఒక పొగడ్త కూడా ప్రచారంలో ఉంది. బుర్ర చురుకు, ఆలోచన వేగానికి నోరు అందుకోలేకపోతోంది అంటారు. తల్లిదండ్రులకు ఊరటనిచ్చే మాటే, కాని పిల్లవాడికి మేలు చేయదు. చిక్కుదారుల్లో తిరిగే వాక్యాన్ని విన్నవారెవరికైనా అక్కడ నోరు వెనకబడలేదని, నోరు ముందుకు ఉరికి వాక్యం వెనకబడిందని తెలుస్తుంది. క్లటరింగ్‌కూ తెలివికీ ఏ వైపునా ముడి లేదు. దీన్ని తెలివికి గుర్తుగా మార్చినంతకాలం సహాయం అందదు, ఎందుకంటే గొప్పతనానికి చికిత్స ఎవరూ చేయించరు.

శాస్త్రమే ఇంకా పూర్తిగా తేల్చలేదు కదా, అప్పుడే ఇంత ధీమాగా మాట్లాడవచ్చా అని అడగవచ్చు. తేలనివి ఉన్నాయన్నది ఒప్పుకోవలసిందే. డెసో వైస్ క్లటరింగ్ కింద చేతిరాత, సంగీత జ్ఞానం, స్వభావం దాకా చాలా లక్షణాలు పోగేశారు. నత్తి కూడా దీనిలోంచే పుడుతుందని నమ్మారు. తరవాతి పరిశోధకులు అంత దూరం వెళ్ళలేదు, నిర్వచనాన్ని మాటలో వినబడేవాటికి కుదించారు. అది మంచి పనే. కారణాల విషయంలో స్వీడన్ పరిశోధకుడు పెర్ ఆల్మ్ మెదడు ముందుభాగపు లోపలి అంచున ఉన్న ప్రాంతాలను, అంటే మాట ఎప్పుడు మొదలవాలో, ఎలా సాగుతోందో పర్యవేక్షించే చోటును వేలెత్తి చూపారు. అది ఊహాప్రతిపాదన. 2015లో డేవిడ్ వార్డ్ బృందం క్లటరింగ్ ఉన్న 17 మంది పెద్దవాళ్ళ మెదళ్ళను మాట్లాడుతుండగా స్కాన్ చేసి, ఇబ్బంది లేని 17 మందితో పోలిస్తే మాటను సిద్ధం చేసే కదలిక కేంద్రాల్లో, మెదడు అడుగునుండే బేసల్ గాంగ్లియాలో ఎక్కువ చురుకుదనం గమనించింది. 17 మందితో చివరి మాట చెప్పలేం. ఆ చురుకుదనం కారణమో, కష్టపడి సర్దుకోవడం వల్ల వచ్చిన ఫలితమో కూడా అంత తేలిగ్గా విడదీయలేం. అయితే తేలనిది కారణం. లక్షణం గుర్తుపట్టడానికి, సహాయం మొదలుపెట్టడానికి ఇప్పటికే తెలిసింది చాలు. పైగా తొందర అనేవాళ్ళ దగ్గర ఈ పాటి సాక్ష్యం కూడా లేదు. అనుమానం ఉన్నచోట మనిషిని తప్పుపట్టడం దేనికి?

ప్రతి తేడానూ జబ్బుగా మారుస్తున్నారన్న ఆక్షేపణను నేను తేలిగ్గా తీసుకోను. మాట కొంచెం గజిబిజిగా ఉన్నా, వినేవాళ్ళకు అందుతూ, తనకు ఇబ్బంది లేకుండా బతుకుతున్నవాణ్ణి ఆసుపత్రికి లాక్కుపోనక్కర్లేదు. కాని మౌఖిక పరీక్షలో తెలిసిన జవాబుకు మార్కులు పోగొట్టుకునేవాడు, ఇంటర్వ్యూలో రెండోసారి చెప్పమన్నప్పుడల్లా కుంచించుకుపోయేవాడు, చివరికి ఎందుకొచ్చిన గొడవని మాట్లాడడమే తగ్గించుకునేవాడు కూడా ఉన్నారు. వీళ్ళ ఎదుట పేరు పెట్టకపోవడం ఉదారత కాదు. పేరు పెట్టకపోయినా వీళ్ళకు పేరు పడుతూనే ఉంది: తొందరగాడు, నిర్లక్ష్యపు మనిషి, మాట నిలకడ లేనివాడు. ఆ పేర్లకంటే క్లటరింగ్ అన్న పేరు మేలు, ఎందుకంటే దాని వెనక చేయదగిన పని ఉంది. సొంత మాటను రికార్డు చేసి వినిపించి, ఎక్కడ జారిందో తనంతట తానే పట్టుకునేలా చేస్తారు. అర్థం ముగిసే చోట ఆగడం అలవాటు చేస్తారు. పొడుగు మాటల్లో ప్రతి అక్షరానికీ చోటిచ్చి పలికిస్తారు, కథను ముందు వరసగా పేర్చుకుని తరవాత చెప్పడం నేర్పుతారు. నెమ్మది ఇక్కడ కూడా వస్తుంది, వీటన్నిటి ఫలితంగా వస్తుంది, ఆజ్ఞగా కాదు. నత్తి, క్లటరింగ్ రెండూ కలిసి ఉండడం కూడా అరుదు కాదు. అలాంటప్పుడు నత్తికి మాత్రమే వైద్యం చేసి ఊరుకుంటే రెండోది అలాగే మిగిలిపోతుంది.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాల్లో వాక్, భాషా వైకల్యాన్ని చేర్చింది, కాని అది ఉదాహరణగా చెప్పినవి స్వరపేటిక తొలగింపు, మెదడు దెబ్బతిని భాష పోవడం లాంటి శాశ్వత నష్టాలు. క్లటరింగ్ ఉన్న విద్యార్థి ఆ తలుపు దగ్గర నిలబడితే తెరుచుకుంటుందన్న భరోసా లేదు. నేను సర్టిఫికెట్లు కోరడం లేదు. మౌఖిక పరీక్షలో జవాబు అందకపోతే మార్కు కొట్టేసే ముందు ఇంకొకసారి అడగమని, కావాలంటే రాసి చూపించనివ్వమని కోరుతున్నాను. ఉపాధ్యాయ శిక్షణలో నత్తి గురించి చెప్పే చోట దీని గురించి ఒక్క పేజీ చేర్చమని కోరుతున్నాను. 1965లో మైసూరులో మొదలైన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఉంది, సికింద్రాబాదులో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. తెలుగు మాటకు తగిన పరీక్ష తయారుచేసే పనికి మన విశ్వవిద్యాలయాల భాషాశాస్త్ర శాఖలు ఇలాంటి సంస్థలతో చేతులు కలపాలి. మీ ఇంట్లో, మీ తరగతిలో అలా మాట్లాడే పిల్లవాడుంటే నెమ్మదిగా మాట్లాడు అన్న మాటను ఇవాళ్టితో మానేయండి. "మార్కెట్టుకు వెళ్ళావన్నదాకా అర్థమైంది, అక్కడ ఎవరు కనిపించారన్నావు?" అని జారిపోయిన చోటును చూపించి అడగండి. ఇంట్లో మాట్లాడిన పది నిమిషాల మాట ఫోనులో రికార్డు చేసుకుని, వాడికి చెప్పి, వాడితో కలిసి వాక్ వైద్యుడి దగ్గరికి వెళ్ళండి.